పురానీ హవేలీ వెనుక నొక విందు

పాతబస్తీలో మేము చూచివచ్చిన విందును గూర్చి వ్రాయవలెనన్న, అంతకు రెండు నెలల ముందు మా యింటి పెరటిలో జరిగిన విందును గూర్చి మొదట చెప్పక తప్పదు. అది మాకు సిగ్గు కలిగించిన విషయమే. అయినను చెప్పెదము.

మా మఱదిగారి కుమారుడు అమెరికాలోని టెక్సాసు రాష్ట్రమున ఉద్యోగము చేయుచున్నాడు. గత మార్గశిరమున భార్యాబిడ్డలతో వచ్చి, తన కొడుకు పుట్టినదినమును చిక్కడపల్లిలోని మా పెరటిలో అక్కడి పద్ధతిని జరుపవలెనని ముచ్చట పడెను. అక్కడి పద్ధతి యనగా హాట్‌డాగులు. చూడని సోదరీమణుల కొఱకు చెప్పుచున్నాము: జానెడు పొడవు గల మెత్తని రొట్టెను నిలువున చీల్చి, మెత్తగా కొట్టిన మాంసమును సన్నని తొడుగులో కూరి చేసిన సాసేజి నొకదానిని అందు పెట్టి, పైని ఆవముద్దయు టమాటా పచ్చడియు తఱిగిన ఉల్లియు వేసి, చేత పట్టుకొని తినునది. ఫ్రాంక్‌ఫర్టు నగరము పేరు తాల్చిన సాసేజి వలసపోయిన జర్మనుల వెంట అమెరికా చేరి, అచటి వీథులలో రొట్టె నడుమ నమ్ముడుపోవుచు ఈ రూపమునకు వచ్చినది. పేరున కర్థము మనుమడు విడమఱచి చెప్పగా, మా అత్తగారు చేతిలోని గరిటె క్రింద పెట్టి, “కుక్కయా?” అని యడిగిరి. అందులో కుక్క లేదని నచ్చజెప్పుటకు ఒక పూట పట్టినది.

ఎనుబదిమంది అతిథులు. నూటయఱువది సాసేజిలను మధ్యాహ్నమే గుండిగలో ఉడికించి మూతపెట్టితిమి. దీపములు పెట్టు వేళకు అవి చల్లబడెను. రొట్టెలు గాలికి బిఱుసెక్కెను. మఱల వేడిచేయుటకై మేము వంటింటిలోనే నిలిచిపోతిమి. వచ్చినవారిలో సగముమంది ముఖములు మాకు కనబడనే లేదు. అదియు ఒక లోపమే కాని, అసలు లోపము వేఱు.

మా స్నేహితురాలొకరు పాతబస్తీలోని పురానీ హవేలీ వెనుక నివసింతురు. ఆమెయు మేమును ఒకే బడిలో ఇరువది యేండ్లు పాఠములు చెప్పినవారము; మాకంటె పెద్దది గాన ఆపా యని పిలుతుము. ఆమె కోడండ్రతో, మనుమరాలితో వచ్చినది. చిన్నకోడలు మా దగ్గఱకు వచ్చి, ఇది యే మాంసము, ఏ దుకాణమున కొన్నారు అని మెల్లగా నడిగెను. కోడిమాంసమే యని చెప్పితిమి. కాని అది హలాలు చేసినదేనా, తొడుగు దేనితో చేసిరి అను ప్రశ్నలకు మాయొద్ద జవాబు లేదు. పొట్లముల పైకాగితములను ప్రొద్దుననే చించి చెత్తబుట్టలో వేసితిమి; బుట్టను బండివాడు తీసికొనిపోయెను. ఇంతలో మా పుట్టింటివారొకరు వచ్చి, ఇందులో గొడ్డుమాంసము కలసియుండునా యని అడిగిరి. వేఱొకరు పందిమాంసము మాట యెత్తిరి. అనుమానము పప్పులో పడిన ఉప్పు వంటిది, తీసివేయుటకు రాదు. ఆ రాత్రి మా యింట ముప్పదిమందికి తక్కువ గాకుండ వట్టి రొట్టెయు కమలాపండ్లును తిని వెడలిపోయిరి. ఆపా ఒక్క మాటయు ననలేదు. పోవునపుడు పిల్లవానిని దీవించి, మా చేయి పట్టుకొని నొక్కి వెడలినది. ఆమె కోపించినను మాకింత బాధ కలుగకపోవును.

హాట్‌డాగు మూలమున పరువు చర్చకు వచ్చిన ఇల్లు మాది మొదటిది కాదు. 1939 జూన్ 11వ తేదీని అమెరికా అధ్యక్షుడైన రూజ్‌వెల్టు, ఆంగ్ల ప్రభువైన ఆఱవ జార్జికిని ఆయన రాణికిని హైడ్ పార్కులోని తన స్థలమున ఆరుబయట విందు చేసి హాట్‌డాగులు పెట్టించెను. రాజదంపతులకు వీథి తిండి పెట్టుట దేశమునకే తలవంపని అనేకులు అంతకుముందే గోలపెట్టిరి. అధ్యక్షుని భార్యయైన ఎలియనోరమ్మకు అత్తగారి వలన గూడ ఈ విషయమున కొంత బెంగ తప్పలేదని ఆమెయే పత్రికలో వ్రాసికొన్నది. అత్తాకోడండ్ర సంగతులు సముద్రముల కావలనైనను ఒక్కటే! అయినను ఆ విందు చక్కగా జరిగినది, నేటికిని చెప్పుకొందురు. కావున తప్పు హాట్‌డాగుదని మేమనజాలము.

మఱు నెలలో ఆపా టెలిఫోను చేసినది. మనుమరాలికి నాలుగేండ్ల నాలుగు నెలల నాలుగు దినములు నిండుచున్నవి, రంజాను రాకముందే బిస్మిల్లా జరుపుచున్నాము, మీరు అత్తగారిని వెంటబెట్టుకొని తప్పక రావలెను అని. బిస్మిల్లా యనగా మన యక్షరాభ్యాసము వంటి వేడుక. హైదరాబాదు ముస్లిము కుటుంబములలో బిడ్డకు సరిగా ఆ వయస్సున తొలిపాఠము చెప్పింతురు. అంతటితో నూరకుండక, “చెల్లీ, త్రోవలో బేగం బజారున ఒక క్రొత్త కుంపటియు ఆఱు ఇనుప చువ్వలును మీ చేతులతో కొని తెండు. ఇంట జొన్నరొట్టెలు చేయించి తెండు. తక్కినవి మేము చూచుకొందుము,” అన్నది. విందునకు పిలిచి కుంపటి తెమ్మనుట యేమో మాకు బోధపడలేదు.

మా అత్తగారి మాట యిచట చెప్పవలెను. ఆమెకు ఎనుబది దాటినవి. మాంసము ముట్టరు. మా యింట మాంసము వండిన దినమున తమ గిన్నెలు తాము వేఱుగా పెట్టుకొందురు. ఆపాను కూతురివలె చూతురు గాని, ఆమె యింట మంచినీళ్లు తప్ప ఏనాడును పుచ్చుకొనలేదు. ఈ సంగతి ఆపాకును తెలియును. ఇన్నేండ్లుగా ఇద్దఱును దానిని పైకి తీసినవారు కారు.

మాఘమాసపు టెండలో బయలుదేఱితిమి. బేగం బజారు మూసీ కుత్తరపు టొడ్డున నున్నది; రెండవ అసఫ్‌జా భార్యయైన హుమ్దా బేగము వర్తకుల కిచ్చిన నేల యగుటచే ఆ పేరు వచ్చినదందురు. రాగి, ఇత్తడి, ఇనుము ఇంతింత దుకాణములలో కప్పువఱకు పేర్చియుండును. చువ్వలలో గుండ్రనివి కొనబోగా దుకాణదారుడే వారించి, గుండ్రని చువ్వను త్రిప్పినచో పైనున్నది తిరుగక చువ్వయే తిరుగును, పలక చువ్వలు కొనుడని చెప్పెను. అత్తగారు ఒక్కొక్కదానిని వ్రేలితో తడవి చూచి ఆఱింటిని ఎంచి సంచిలో పెట్టుకొనిరి. ఇంటికి చేరువఱకు ఆ సంచిని ఇతరుల చేతి కీయలేదు.

నయాపూలు దాటినంతనే ఊరు మాఱును. 1908 సెప్టెంబరులో మూసీ పొంగి తీరములను తుడిచిపెట్టిన పిమ్మట 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి మండలివారు ఈ ప్రాంతమును సంస్కరించిరి. పత్తర్‌గట్టిలోని రాతి కమానుల వరుస ఆ కాలపుదే. చార్మినారు చుట్టు బండ్లను పోనీయరు గాన ఆటోను విడిచి నడచితిమి. 1591లో కట్టిన ఆ నాలుగు మీనారులను గూర్చి మీకు క్రొత్తగా చెప్పుట అనవసరము. లాడ్ బజారు గాజుల దగ్గఱ మాత్రము అత్తగారు చిన్నపిల్లకై రెండు డజనులు బేరమాడిరి. అటనుండి మీర్ ఆలం మండీకి పోతిమి. మూడవ అసఫ్‌జా కాలమున దివానుగా నున్న మీర్ ఆలం పేర నున్న కూరగాయల బజారది. పుదీన, కొత్తిమీర గుట్టలు గుట్టలుగా తడిగోనెలపై నుండును. వాని వాసన సందు మలుపు తిరుగకముందే వచ్చును. మొక్కజొన్న పొత్తులు, చిలగడదుంపలు, నిమ్మకాయలు కొంటిమి.

పురానీ హవేలీలో ఆఱవ నిజాము మహబూబలీఖాను దుస్తుల బీరువా యొకటి కలదు. పొడవు 176 అడుగులు, రెండంతస్తులు. ఇంటికి మూడు చెక్కపెట్టెలతో సర్దుకొను మనము దానినొకసారి చూచి రావలసినదే; ఈర్ష్య పడుటకు కాదు, అన్ని మడతలు పెట్టిన వారెవరా యని తలచికొనుటకు. హవేలీ దారి నాలుగుమూలల నానురొట్టెకు ప్రసిద్ధి. 1851లో మొదలైన మున్షీ నాను పేరు విననివారు ఆ ప్రాంతమున లేరు. మెట్రో రైలు మార్గమునకై 2025లో ఈ వైపున పెక్కు కట్టడములను కూల్చుటచే కొన్ని గోడలు సగము తెగి, లోపలి గదుల నీలిరంగు వీథిలోనికి కనబడుచుండెను. ఆపా వారి సందు లోపలికుండుటచే దానికేమియు కాలేదు.

తలుపు చిన్నది, లోపల ముంగిలి పెద్దది. ఇట్టి ఇండ్లలో నడుమ ఆకాశము కనబడు ముంగిలియు, దాని నంటి స్తంభముల వసారాయు నుండును. దానిని దాలాను అందురు. ముంగిలి మధ్య జామచెట్టు, మూలను నుయ్యి. ఆపా అత్తగారు తొంబది యేండ్ల వృద్ధురాలు. పిల్లలందఱు దాదీమా యందురు. ఆమె దాలానులోని తక్తుపై కూర్చుండి, ఎవరు వచ్చినను ఒకటే మొఱ పెట్టుకొనుచుండెను: బిర్యానీ లేని దావతును తన జన్మలో చూడలేదట, కోడలు వట్టి కబాబు, నాను పెట్టి వంశము పరువు తీయుచున్నదట. మేము హైడ్ పార్కు కథను చెప్పితిమి. రాణీగారు తిన్నదా యని ఒకసారి యడిగి, మఱల తన మొఱలో పడినది.

వంట ప్రొద్దుననే మొదలైనది. ఎనుబదిమందికి రెండువందల సీఖు కబాబుల లెక్కను పదునాఱు కిలోల మేకమాంసపు ఖీమా తెప్పించిరి. మాంసమును కొట్టించునపుడు ఆపా పెద్దకొడుకు దుకాణములోనే నిలుచుండి చూచి తెచ్చెను. ఐదవవంతు క్రొవ్వు ఉండవలెను. లేనిచో కబాబు ఎండి బెరడగును. కిలోకు ఒక పెద్ద చెంచా పచ్చిబొప్పాయి ముద్ద, అల్లము వెల్లుల్లి, పచ్చిమిర్చి, పుదీన, కొత్తిమీర, గరము మసాలా, ఉప్పు, రెండు మూడు చెంచాల పుట్నాల పొడి. పిమ్మట పిసుకుట. చపాతీ పిండివలె చేతికి జిగురుగా అంటువఱకు పిసుకవలెను. ఉప్పు పడిన మాంసము పిసికినకొలది జిగురెక్కి చువ్వను పట్టుకొనును. హాట్‌డాగునకు తొడుగు చేయు పనిని ఇచట స్త్రీల మణికట్లు చేయుచున్నవి! ముగ్గురు కోడండ్రు గంటసేపు పిసికిరి. బొప్పాయి వేసి రెండు గంటలు మించి యుంచరాదు, మాంసము కరగి పిండియగును. కావున దానిని నాలుగేసి కిలోలుగా విభజించి, వేళకు కలుపుచు, తక్కినదానిని మంచుగడ్డల నడుమ నుంచిరి.

మాకు ఉల్లి తఱుగు పని యొసగిరి. తఱిగి గుడ్డలో వేసి నీరు పిండి కలుపుడని రెండుసార్లు చెప్పిరి. మేము మాటలలో పడి మొదటి నాలుగు కిలోలకు పిండకయే కలిపితిమి. దాని ఫలము సాయంకాలము చూచితిమి.

మా కుంపటి సంగతి అప్పుడు తెలిసెను. ముంగిలికి తూర్పున మూడేసి అడుగుల పొడవు గల రెండు పెద్ద కుంపట్లు, అవి మాంసమునకు. పడమటి కొనను, గాలి వచ్చు వైపున, మేము తెచ్చిన క్రొత్త కుంపటి. పొగ అటునుండి ఇటు వచ్చును గాని ఇటునుండి అటు పోదు. దానికి వేఱు పటకారు, వేఱు నేతిగిన్నె, వేఱు విసనకఱ్ఱ. దానిపై మా చువ్వలే తప్ప వేఱొకటి పెట్టరాదని ఆపా పిల్లలకు చెప్పియుంచినది. దాని యధికారము మా కుమార్తెకు ఇచ్చిరి. నానులో పాలో గ్రుడ్డో చేరునేమో యన్న శంక వలదని జొన్నరొట్టెలు మా యింటినుండియే తెమ్మన్నది. దాలాను స్తంభమునకు బిస్మిల్లా పలకయే యొకటి తగిలించి, దానిపై తెలుగునను ఉర్దూలోను వ్రాయించినది: ఈ కుంపటిపై మేకమాంసము, ఫలాన వీథి దుకాణమున హలాలు చేసినది; ఆ కుంపటిపై కూరగాయలు, పనీరు మాత్రమే. వచ్చినవారెవరును అడుగవలసిన పని లేకపోయెను. మా పెరటిలో చిన్నకోడలు మెల్లగా నడిగిన ప్రశ్న మాకప్పుడు గుర్తునకు వచ్చి తల వంచుకొంటిమి.

మధ్యాహ్నము చిన్నపిల్ల ఎఱ్ఱని దుస్తులలో కూర్చుండి, మౌల్వీగారు చెప్పిన మాటలను ఒక్కొక్కటే పలికినది. నడుమ లడ్డువైపు చూచి ఆగినది, అందఱును నవ్విరి. సాయంకాలము బొగ్గు రాజేసిరి. పదికిలోల బొగ్గు పట్టినది. ఎఱ్ఱని మంట చూచి తొందరపడరాదు. నిప్పుపై తెల్లని బూడిదపొర పట్టిన పిమ్మటనే చువ్వ పెట్టవలెను.

మొదటి వరుస పెట్టిన రెండు నిమిషములకే కబాబులు చువ్వలనుండి జాఱి నిప్పులో పడజొచ్చెను. అది మేము కలిపిన ముద్ద. పురుషులు గుమిగూడి తలకొక సలహా చెప్పుచుండిరి. దాదీమా, “బిర్యానీ చేసియుండిన...” అని ప్రారంభించినది. మేము నీరు పిండలేదని ఒప్పుకొంటిమి. ఆపా నవ్వి, మిగిలిన ముద్దను గుడ్డలో వేసి పిండించి, రెండు గుప్పిళ్ల పుట్నాల పొడి కలిపి మంచుపై పెట్టించి, రెండవ పాలు ముద్దను ముందుగా తెప్పించినది. తడిచేతితో చువ్వపై సన్నగా గట్టిగా అదుమవలెను. క్రింది వైపు పట్టువఱకు త్రిప్పరాదు. పిదప ఎడతెగక త్రిప్పుచు నేయి రాయవలెను. పదినిమిషములకు రెండు కుంపట్లపైని కలిసి అఱువది కబాబులు దిగుచుండెను. మా మఱదికొడుకు విడిచిపోయిన ఉష్ణమాపక మొకటి తీసికొనిపోయితిమి. కొట్టిన మాంసము లోపల 71 డిగ్రీలు చేరవలెనని అక్కడివారి నియమము. దాదీమాకు ఆ సాధనమతో పని లేదు. ఒకటి విఱిచి చూచి, లోపల ఎఱుపు లేదు, నీరు తేటగా నున్నది, పెట్టవచ్చును అనును. రెండును ఒకే మాట చెప్పెను.

వడ్డన యని వేఱుగా లేదు. అతిథి నాను ముక్కతో చువ్వను పట్టుకొనును, చువ్వ లాగివేయుదురు, కబాబు రొట్టెలో నిలుచును. పైని పుదీన పచ్చడి, ఉల్లిచక్రములు, నిమ్మరసము. హాట్‌డాగునకు దీనికి దూరపు చుట్టఱికము కలదని మా పిల్లలనిరి. అమరకోశములో శూల్యమను మాట యున్నది గాన, చువ్వపై కాల్చిన మాంసము మనకును క్రొత్తది కాదు. ముఖ్యముగా మేము గమనించినది, ఆపా వంటింటిలో లేదు. కుంపటి ముంగిట నుండుటచే వండువారును తినువారును ఒకచోటనే యుండిరి. ఆమె ప్రతివారిని పలుకరించుచు, నడుమ తానును ఒకటి వేడిగా తిన్నది.

మా అత్తగారు పడమటి కుంపటి ప్రక్క పీటపై కూర్చుండిరి. చువ్వలు తాము కొన్నవే. పొత్తును కాల్చునది తమ మనుమరాలే. నిమ్మచెక్కకు ఉప్పు అద్ది రాయుచున్నది మాత్రము ఆపా. పొత్తు సిద్ధమైనది. ఆపా దానిని పళ్లెములో పెట్టి, చేతికీయక, ప్రక్కన పీటపై పెట్టి నిలిచినది. మేము ఊపిరి బిగబట్టితిమి. అత్తగారు పళ్లెమువైపు చూచిరి, స్తంభముపై పలకవైపు చూచిరి. “నిమ్మకాయ చాలలేదు, ఇంకొంచెము రాయుము,” అని పొత్తును ఆపా చేతికే యిచ్చిరి. ఆపా మఱల రాసి యిచ్చినది. తరువాత చిలగడదుంపయు, జొన్నరొట్టెతో రెండు పనీరు ముక్కలును తినిరి. దాదీమా దూరమునుండి చూచి, తన పండ్లకు పొత్తు కొఱుకుడు పడదని, గింజలు ఒలిచి తనకు పంపుమని కేక వేసినది. అత్తగారే ఒలిచి పంపిరి.

రాత్రి పదిగంటలకు నయాపూలు దాటితిమి. చీరలనిండ పొగవాసన. కుంపటిని ఆపా యింటనే యుంచుడని అత్తగారు చెప్పిరి, మఱల అక్కడ పనికివచ్చునని. చువ్వలను మాత్రము కడిగి తుడిచి సంచిలో తెచ్చుకొనిరి.

మఱునాటి యుదయము మేము లేచి చూచునప్పటికి ఆమె పెరటిలో అడుగులు వేసి కొలుచుచుండిరి. మామిడిచెట్టు మొదలుకొని నూతివఱకు ముప్పదియాఱు అడుగులు వచ్చెను. ఆపా వారిని పిలిచినచో మాంసపు కుంపటి నూతివైపున నుంచవలెనా, చెట్టువైపుననా, సాయంకాలము గాలి యెటునుండి వచ్చునో చూచి చెప్పుమని మమ్ము అడిగిరి.